ముందు ఇల్లు, ఆఖరికి మోరీ: పట్నాలు ఎలా పెరుగుతాయి?

ఉదయం ఆరున్నరకు హైదరాబాద్‌లో మా చౌరస్తాలోని లేబర్ అడ్డా నిండిపోతుంది. మగవాళ్ల భుజాన తువ్వాలు, చేతిలో తాపీ, గోడకు ఆనించిన పారలు. ఆడవాళ్ల చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో టిఫిన్ డబ్బా, పనిలోకి దిగేటప్పుడు చీర మీద తొడుక్కోవడానికి ఒక పాత షర్టు. మేస్త్రీ బండి ఆగీ ఆగగానే పదిమంది చుట్టూ మూగుతారు. "ఎంతమంది కావాలె?" "ఇద్దరు. ఇసుక మోసుడు, మూడో ఫ్లోరు." కూలి తేలగానే ఇద్దరు బండెక్కుతారు. మిగిలినవాళ్లు మళ్లీ వెనక్కి జరిగి నిలబడతారు. తొమ్మిది దాటినా అక్కడే ఉన్నారంటే వాళ్లకు ఆరోజు పని లేనట్టే. పదిహేనేళ్ల కింద ఈ అడ్డాలో వినపడేది పాలమూరు యాస, నల్లగొండ యాస. ఇప్పుడు సగం మంది హిందీలోనో ఒడియాలోనో మాట్లాడుకుంటున్నారు.

ఇది చూసినవాళ్లెవరైనా "ఊళ్లన్నీ ఖాళీ అయి పట్నంలో పడుతున్నయి" అనే అంటారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, నల్లా రానప్పుడు, ఇంటి అద్దె పెంచినప్పుడు మనందరం చెప్పుకునే కారణం ఇదే. ఇది అబద్ధం కాదు. కానీ అసలు సంగతిలో ఇదొక ముక్క మాత్రమే. మిగతా ముక్కలను వదిలేయడం వల్లే మన కోపం అడ్డా మీద నిలబడ్డవాళ్ల మీదికి పోతోందని నా అభిప్రాయం. అందుకే కాస్త ఓపిగ్గా విడదీసి చూద్దాం.

మనిషి కదలకుండానే పట్నం వచ్చేస్తుంది

పట్నం జనాభా మూడు దారుల్లో పెరుగుతుంది. బయటి నుంచి వచ్చేవాళ్ల వల్ల పెరగడం అందరికీ తెలిసిందే. రెండోది, పట్నంలోనే పుట్టేవాళ్లు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కింద వచ్చి బస్తీలో స్థిరపడ్డ కుటుంబానికి పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. వాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు, ఇక్కడివాళ్లే. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో చూస్తే, అభివృద్ధి చెందుతున్న దేశాల పట్నాల్లో పెరిగిన జనంలో సగానికి పైగా ఇలా పట్నంలో పుట్టినవాళ్లే. చైనా దీనికి పెద్ద మినహాయింపు. అక్కడ వలసే ముఖ్యం.

మూడో దారి గురించి ఎవరూ మాట్లాడరు. హద్దు జరగడం. ఒక్క మనిషి కూడా మూట కట్టకుండా, ఉన్నచోటే ఉండి పట్నంవాసి అయిపోతాడు. మన దేశంలో మున్సిపాలిటీ లేని ఊరిని జనాభా లెక్కల్లో పట్టణంగా చూపించాలంటే మూడు కొలతలున్నాయి: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండటం. ఈ మూడూ ఉండి, పాలన మాత్రం పంచాయతీ చేతుల్లోనే ఉన్న ఊళ్లను సెన్సస్ టౌన్లు అంటారు. 2001లో దేశంలో ఇవి 1,362. 2011కి 3,894. అంటే పదేళ్లలో రెండున్నర వేలకు పైగా ఊళ్లు, సర్పంచిని ఎన్నుకుంటూనే, జనాభా లెక్కల్లో పట్టణాలైపోయాయి.

హైదరాబాద్‌నే తీసుకోండి. 2001లో నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 36 లక్షల మంది ఉండేవాళ్లు. 2011లో 67 లక్షలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "పదేళ్లలో హైదరాబాద్ రెట్టింపయింది" అని రాసేస్తుంటారు. మధ్యలో జరిగిందేమిటంటే, 2007లో ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి లాంటి 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) చేశారు. 172 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 625 అయింది. చుట్టుపక్కలంతా కలుపుకుని చూస్తే అదే పదేళ్లలో జనాభా 57 లక్షల నుంచి 77 లక్షలకు పెరిగింది. అదీ తక్కువేం కాదు, కానీ రెట్టింపు కాదు. 2025 చివర్లో ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను కూడా కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఈసారి జనాభా లెక్కలు వచ్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి.

ప్రపంచం మొత్తం మీద చూస్తే ఈ మూడు దారులూ కలిసి చేసిన మార్పు చిన్నది కాదు. 1950లో పట్టణాల్లో ఉన్నది సుమారు 75 కోట్ల మంది. 2018 నాటికి 420 కోట్లు. 2007 ప్రాంతంలో, మనిషి చరిత్రలో మొదటిసారి, పల్లెల్లో ఉన్నవాళ్ల కంటే పట్నాల్లో ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. 2050కి వందలో 68 మంది పట్నాల్లోనే ఉంటారని ఐక్యరాజ్యసమితి 2018 అంచనా.

ఎందుకు ఒక్కచోటే?

జనం ఊరు వదలడానికి కారణాలు మనకు కొత్త కాదు. వానల మీద ఆధారపడ్డ భూమి, ఒకటి ఎండితే ఇంకొకటి వేసిన బోర్లు, ఆ బోర్ల అప్పు. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోశారని మన పెద్దలు చెప్పేవాళ్లు. కానీ కష్టం మనిషిని ఊళ్లోంచి వెళ్లగొట్టగలదు గానీ, ఎక్కడికి పోవాలో చెప్పదు. అందరూ ఫలానా పట్నానికే ఎందుకు వస్తారు? ఇది వేరే ప్రశ్న, ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న.

దీనికి నాకు తెలిసి హైదరాబాద్‌లో ఉన్నంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా లేదు. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే మందుల సంస్థను పెట్టింది. దాని కర్మాగారాల్లో ఒకటి బాలానగర్ దగ్గర వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో వందలమంది కెమిస్టులు, ఇంజినీర్లు మందు ముడిసరుకు తయారుచేసే పని చేత్తో నేర్చుకున్నారు. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి బయటికొచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనొక్కరే కాదు, ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు ఎందరో ఇదే బాట పట్టారు. కొత్త కంపెనీకి కావలసిన కెమిస్టు ఇక్కడే దొరుకుతాడు, రియాక్టర్ బాగుచేసే ఫిట్టరు ఇక్కడే దొరుకుతాడు, సాల్వెంటు అమ్మే వ్యాపారి ఇక్కడే ఉంటాడు. ఒక కంపెనీ మూతపడినా ఇంకో కంపెనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇల్లు మారనక్కర్లేదు. చివరికి ఐడీపీఎలే నష్టాల్లో పడి మూతపడింది. కానీ అది నేర్పిన పని ఊరంతా పాకిపోయింది.

పట్నానికి ఉన్న అసలు బలం ఇదే. ఒకే పని తెలిసినవాళ్లు దగ్గర దగ్గరగా ఉంటే పని త్వరగా దొరుకుతుంది, త్వరగా నేర్చుకుంటారు, రోడ్డూ కరెంటూ అందరికీ కలిపి తక్కువలో వస్తాయి. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్‌లో జరిగిందీ ఇదే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, మన అడ్డాలో జరిగేదీ ఇదే. అడ్డా కూడా ఒక ఉద్యోగ మార్కెట్టే. మేస్త్రీకి కూలీ, కూలీకి మేస్త్రీ అరగంటలో దొరుకుతారు. ఊళ్లో ఆ పనికి నెల పడుతుంది, అప్పటికీ దొరక్కపోవచ్చు.

ఇదే సూత్రం ఇంగ్లండులో బొగ్గు గనులు, నేత మిల్లుల చుట్టూ పనిచేసింది. 1851 జనాభా లెక్కల నాటికే అక్కడ సగం మంది పట్టణాల్లో ఉన్నారు. చైనాలో 1978లో పట్టణవాసులు వందకు 18 మంది. 2011లో సగం దాటారు. హాంకాంగ్ సరిహద్దులో చిన్న పట్టణంగా ఉన్న షెన్‌జెన్‌ను 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు. 2020 లెక్కల్లో అక్కడ 1.75 కోట్ల మంది తేలారు. ఆఫ్రికాలో మాత్రం కథ వేరు. అక్కడి చాలా పట్నాలు ఫ్యాక్టరీలు రాకముందే పెరిగాయి. చమురు, ఖనిజాల డబ్బు ఒకచోట చేరితే, ఆ డబ్బు ఖర్చయ్యే చోట చిల్లర వ్యాపారాలు, ఇళ్ల పనులు, రవాణా పనులు పెరిగాయి. జనం ఉన్నారు, నిలకడైన జీతం ఇచ్చే పని తక్కువ. పట్నం పెరిగినంత మాత్రాన బతుకు బాగుపడదని చెప్పేది ఈ తేడానే.

ఒకే పని మీద ఆధారపడ్డ పట్నం వెనక్కి కూడా పోతుంది. కార్ల నగరం డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షలకు పైగా జనం ఉండేవాళ్లు. 2020లో ఆరున్నర లక్షల లోపే. హైదరాబాద్ రాజుల కాలపు కొలువుల నుంచి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలకు, అక్కడి నుంచి మందులకు, సాఫ్ట్‌వేర్‌కు మారగలిగింది. ఒకదాని తర్వాత ఒకటి అందుకోవడం వల్లే నిలబడింది.

వచ్చినవాళ్లకు పట్నం ఇంకో మేలు కూడా చేస్తుంది. దీన్ని డబ్బుల్లో కొలవలేం. ఊళ్లో తాత చేసిన పనే మనవడూ చేయాలనే పట్టు ఇక్కడ సడలుతుంది. ఆడపిల్ల హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకోగలుగుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడంతో, మా అడ్డాకి వచ్చే ఒకామె రెండు బస్సులు మారి ఇంకా దూరం పోయి ఎక్కువ కూలి దొరికే చోట పని చేసుకుంటోంది. అయినా టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే "మీరేంటోళ్లు?" అని అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. పట్నం పట్టు సడలిస్తుంది, పూర్తిగా వదిలించదు.

వరస తప్పితే

మరి ఇంత మేలు చేసే పట్నంలో బతకడం ఎందుకింత కష్టంగా ఉంటుంది? చాలామంది జనం ఎక్కువైపోయారంటారు. నేను ఒప్పుకోను. టోక్యో, దాని చుట్టుపక్కల కలిపి మూడున్నర కోట్లకు పైగా జనం ఉంటారు. అక్కడ రైళ్లు నడుస్తాయి, నల్లాలో మంచినీళ్లు వస్తాయి. అసలు తేడా వరసలో ఉంది. ఏది ముందు రావాలో, ఏది తర్వాత రావాలో.

మా ఇంటి సంగతే చెప్తాను. మా నాన్న 1996లో నగరం తూర్పు శివార్లలో 150 గజాల ప్లాటు కొన్నారు. అప్పటికి అది గ్రామ పంచాయతీ. లేఅవుట్ కాగితం మీద సర్పంచి సంతకం, ముద్ర ఉన్నాయి. ముందుగా బోరు వేశారు. తర్వాత రెండు గదుల ఇల్లు. తర్వాత అందరూ తలా కొంత వేసుకుని కరెంటు స్తంభాలు తెప్పించారు. రోడ్డంటే మట్టే. మురుగుకు ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లది. కొన్నేళ్లకు సీసీ రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు తవ్వి మురుగు పైపు వేశారు. మళ్లీ రోడ్డు వేశారు. దాన్ని తవ్వి మంచినీళ్ల పైపు వేశారు. ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు. మొదట మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు గేటు తీసి ఒక మెట్టు కిందికి దిగుతున్నాం. వాన పడితే రోడ్డు మీది నీళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

ఇది మా ఒక్కరి సంగతి కాదు. నగరం హద్దు దగ్గర నిబంధనలు బలహీనంగా ఉంటాయి. భూమి చౌక. పంచాయతీకి ఇంజినీరు ఉండడు, మురుగు పైపు వేసే డబ్బు ఉండదు. కాబట్టి పెరుగుదల ఎప్పుడూ హద్దుకు అవతలే మొదలవుతుంది. ఇళ్లు నిండిపోయాక హద్దు జరుగుతుంది. అప్పుడు రోడ్డు, మోరీ, పార్కు, వాన కాలువ, వీటి బాకీ అంతా నగరం నెత్తిన పడుతుంది. కట్టిన ఇళ్ల మధ్యలోంచి పైపు వేయడానికి అయ్యే ఖర్చు ఖాళీ నేలలో వేసే ఖర్చు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తులు తీసుకుంటే రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా వచ్చాయి. వాళ్లంతా తప్పు చేసినవాళ్లని అనలేం. చాలామంది మా నాన్నలాంటి వాళ్లే. జీతంతో కొనగలిగిన చోట కొన్నారు.

మరోపక్క భూమి ధర మాత్రం ఎవరికోసం ఆగదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, 2008లో శంషాబాద్ విమానాశ్రయం, 2017 నుంచి మెట్రో. వీటన్నిటిలో పదిమంది డబ్బో, పదిమంది భూమో ఉంది. రోడ్డు వస్తుందన్న మాట బయటికి పొక్కగానే ఎకరం ధర ఎగురుతుంది. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ పక్క ఊళ్లలో ముప్పై ఏళ్ల కింద కూతురి పెళ్లికి భూమి అమ్ముకున్న రైతుకు ఇందులో రూపాయి రాదు. మురుగు పైపుకు కూడా ఆ పెరిగిన విలువలోంచి తగినంత రాదు. హాంకాంగ్‌లో మెట్రో సంస్థ స్టేషన్ల మీద, చుట్టుపక్కల భూమి అభివృద్ధి మీద వచ్చే ఆదాయంతో కొత్త లైన్లు వేస్తుంది. సింగపూర్ 1960లో గృహనిర్మాణ బోర్డు పెట్టి, భూమిని ముందుగా తన చేతుల్లోకి తీసుకుని ఇళ్లు కట్టింది. ఈరోజు అక్కడ పదిమందిలో సుమారు ఎనిమిది మంది ఆ ఇళ్లలోనే ఉంటారు. మన పద్ధతిలో విలువ పెరిగేది ఒకరికి, బాకీ పెరిగేది అందరికీ.

వరస తప్పడం మనం మొదలుపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో లండన్ జనం విపరీతంగా పెరిగి, మురుగంతా థేమ్స్ నదిలో కలిసేది. కలరా వచ్చినప్పుడల్లా వేలమంది పోయేవాళ్లు. 1858 ఎండాకాలంలో నది కంపు నది ఒడ్డునే ఉన్న పార్లమెంటులో సభ్యులు కూర్చోలేనంతగా వచ్చాకే డబ్బు మంజూరైంది. ఇంజినీరు బేజల్‌గెట్ నేల కింద మురుగు సొరంగాలు కట్టించాడు. అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

హైదరాబాద్‌కు కూడా అలాంటి రోజు ఒకటి వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో పైన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆగింది, తాగునీరూ దొరికింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు బస్తీలకు గాలీ వెలుతురూ వచ్చేలా కొత్త ఇళ్లు, మోరీలు కట్టారు. ఒకసారి వరస సరిచేసుకున్న ఊరు ఇది. అందుకే ఇప్పటి స్థితి చూస్తే బాధ ఎక్కువ.

నీళ్ల దారి

వరస తప్పితే ఏమవుతుందో అన్నిటికంటే స్పష్టంగా చూపించేది చెరువు. హైదరాబాద్ చుట్టూ దక్కన్ పీఠభూమి గట్టి గ్రానైటు రాయి. ఇసుక నేలల్లోలా నీళ్లు నేలలో పెద్దగా నిలవవు. రాతి పగుళ్లలో ఉన్నదే నీరు. అందుకే కాకతీయుల కాలం నుంచీ మన పెద్దలు వాననీటిని నేల మీదే ఆపే పని చేశారు. అవే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీళ్లు వాగు వెంబడి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కింది దానికి. ఎండాకాలంలో చెరువు గర్భం ఎండి, అక్కడ పశువులు మేస్తాయి, పుచ్చకాయలు వేస్తారు. ఆ నేలను శిఖం అంటారు. చూడటానికి ఖాళీ నేలే. కానీ నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒకసారి నీళ్లు అక్కడిదాకా వస్తాయి.

చెరువు కింద పొలం ఉన్నంతకాలం చెరువుకు కాపలా ఉండేది. అలుగు దగ్గర చెత్త పడితే, తూము పాడైతే రైతుకు నష్టం. పొలం ప్లాట్లయ్యాక ఆ నీటితో ఎవరికీ పని లేకపోయింది. కాపలా పోయింది. ముందు శిఖంలోకి ఇళ్లు, తర్వాత అలుగు వాగు మీద రోడ్డు. చెరువు మొత్తం పోనక్కర్లేదు. రెండు చెరువుల మధ్య వాగు మూసుకుపోతే చాలు, గొలుసు తెగిపోతుంది.

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ రోజుల్లోనే పల్లెచెరువు, గుర్రం చెరువు లాంటి చోట్ల కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. మా వీధిలో ఆ 13 రాత్రి పదకొండుకు నీళ్లు గేటు దగ్గరున్నాయి. పన్నెండున్నరకు మంచం పట్టెల దాకా వచ్చాయి. ఫ్రిజ్ తేలింది. మా అమ్మ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుంది. తెల్లారాక చూస్తే, పక్క వీధి మా కంటే పల్లంలో ఉన్నా పొడిగానే ఉంది. నీళ్లు పల్లమెరుగు అంటారు కదా, మరి అటెందుకు పోలేదో అప్పుడు మాకు అర్థం కాలేదు.

మా వీధిలోనే మే నెలలో ట్యాంకర్ కోసం బిందెలు వరస పెడతాం. వరద వచ్చిన చోటే కరువు రావడం విడ్డూరంగా అనిపిస్తుంది గానీ రెండింటికీ కారణం ఒకటే. నేల మొత్తం సిమెంటుతో కప్పేస్తే వాననీరు ఇంకదు. ఇంకకపోతే గంటలో వరదై పోతుంది. పోయాక బోరులో ఏమీ మిగలదు. మా బోరు మొదట 150 అడుగుల్లో పడింది. ఇప్పుడు పక్కింటివాళ్లు వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వచ్చింది.

అందుకని నీళ్లను దూరం నుంచి తెచ్చుకుంటున్నాం. ముందు మంజీర, తర్వాత సింగూరు, 2004 నుంచి కృష్ణ, 2015 నుంచి గోదావరి. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి దాదాపు 180 కిలోమీటర్లు పైపుల్లో, మోటార్లతో ఎత్తిపోస్తూ వస్తాయి. మన నల్లా తిప్పితే వచ్చే ప్రతి బిందెలో కరెంటు బిల్లు ఉంటుంది. ఆ నది ఒడ్డునున్న ఊళ్ల వాటా కూడా ఉంటుంది. పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో పెద్ద నిర్మాణాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. దగ్గరి చెరువును కాపాడుకోవడం కంటే దూరపు నదిని తెచ్చుకోవడం తేలిక అనుకునే ఆలోచన దీని వెనక ఉంది. ఆ ఆలోచన నాకు భయం కలిగిస్తుంది.

ఇది లోకంలో చాలా పట్నాలు పడ్డ గోతే. మెక్సికో సిటీని సరస్సు ఎండగట్టి, దాని మీద కట్టారు. నేల కింది నీళ్లు తోడేకొద్దీ నగరంలో కొన్ని ప్రాంతాలు ఏటా కుంగిపోతున్నాయి. జకార్తా కూడా బోర్లతో తోడి తోడి సముద్రమట్టం కంటే కిందికి దిగుతోంది. ఇండోనేషియా కొత్త రాజధాని కట్టుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. చెన్నైకి 2019 జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆ మహానగరంలో చిత్తడి నేలలు, చెరువులు పోయిన తీరు మన కథకు చాలా దగ్గర.

ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది

1992లో 74వ రాజ్యాంగ సవరణ తెచ్చి పట్టణ పాలన పట్టణాలకే ఇవ్వాలన్నారు. కానీ మా వీధి సమస్యే చూడండి. రోడ్డు ఒకరిది, మురుగు, మంచినీళ్లు ఇంకొకరివి, చెరువు నీటిపారుదల వాళ్లది, చెరువు భూమి రెవెన్యూది, లేఅవుట్ అనుమతి మరొకరిది. కార్పొరేటర్‌ను అడిగితే నిజాయితీగానే "నా చేతుల్లో లేదు" అంటాడు. 2024లో చెరువులు, నాలాల ఆక్రమణల కోసం హైడ్రా అనే సంస్థను పెట్టారు. ఆక్రమణ తొలగించడం అవసరమే. కానీ బుల్డోజర్ వచ్చేది అన్నీ అయ్యాక, వరసలో చిట్టచివర. అప్పటికి అందులో ఎవరో జీవితకాలపు పొదుపు పెట్టి ఉంటారు. రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసు, కరెంటు కనెక్షన్ ఇచ్చిన ఆఫీసు, ఇంటిపన్ను కట్టించుకున్న ఆఫీసు, ఇవేవీ ఆ రోజు అక్కడ కనపడవు.

పట్నం కట్టే మనుషులకు ఆ పట్నంలో చోటెక్కడ అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చడానికి నడిపిన శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది 2020 మే 1న కదిలింది మన లింగంపల్లి నుంచే. సుమారు 1,200 మంది కూలీలు జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లారు. ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్లకు, పని ఆగిపోయాక నెల రోజులు నిలవడానికి ఇక్కడ ఇల్లు లేదు, రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. మాస్టర్ ప్లాన్లలో ఐటీ కారిడార్‌కు రంగు ఉంటుంది, అడ్డా కూలీ ఉండే గదికి రంగు ఉండదు. వాళ్లు ఎక్కడుంటారు? నాలా పక్కన, చెరువు శిఖంలో. చౌకగా దొరికే చోటు అదొక్కటే కాబట్టి. ప్రపంచంలో వందకోట్ల మందికి పైగా ఇలాంటి బస్తీల్లోనే ఉన్నారు.

వరద తర్వాత ఆ ఏడాది చలికాలంలో మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఈ కాలనీ పొలంగా ఉన్నప్పుడు ఆయన ఇక్కడ వరి పండించాడు. "మీ ఇంటికి నీళ్లెందుకొచ్చినయో తెల్వదా?" అని, లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి గ్రామ నక్షా జిరాక్సు తెచ్చాడు. సర్వే నంబర్ల మధ్య ఎగువ చెరువు నుంచి దిగువ చెరువుకు రెండు వంకర గీతలు పక్కపక్కన దిగుతున్నాయి. వాగుకు గుర్తు అదే. వాగుకు ఒక ఒడ్డు ఎత్తుగా ఉండేదట, దాని అవతలదే ఇప్పటి పక్క వీధి. నేను ఇంటికొచ్చి మా లేఅవుట్ కాగితం తీసి, సర్వే నంబరు చూసుకుని, రెండూ పక్కపక్కన పెట్టాను. వాగు పారే చోట లేఅవుట్‌లో "30 అడుగుల రోడ్డు" అని రాసి ఉంది. మా గేటు ఆ రోడ్డుకే ఉంది.